తిరువూరు సీమయు దేశీయ శిల్పశిక్షణమును

పాణినీయమున శిల్పి యను నర్థమున ష్వున్ ప్రత్యయము విధింపఁబడినది. అది నృత్, ఖన్, రంజ్ అను మూఁడు ధాతువులకే యని వార్తికము నియమించినది. నర్తకుఁడు, ఖనకుఁడు, రజకుఁడు అను రూపములు దానఁ గలిగినవే. రజకశబ్దము తెలుగున చాకలివానికి రూఢమైనను ధాతువున కర్థము రంగు వేయుటయే. కావున ఆడువాఁడును, వస్త్రమునకు రంగు వేయువాఁడును ఒక్క సూత్రము నీడనే కూర్చుండిరి. నృత్యమును కళ యనియు అద్దకమును వృత్తి యనియు విడఁదీసినది పాఠశాలయే కాని వ్యాకరణము కాదు.

పూర్వము కృష్ణామండలమున తాలూకాయై, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్న తిరువూరునకు దక్షిణమున బొమ్మల కొండపల్లియు, ఆగ్నేయపు వైపున కలంకారీకి పేరొందిన పెడనయు, నాట్యమునకుఁ బుట్టినిల్లగు కూచిపూఁడియుఁ గలవు. ఒక దినమునఁ బోయి రారాని దూరమున నివి యేవియు లేవు. ఇంత సమీపమున నున్న శిల్పములు తిరువూరి బాలునకు వాచకములోని బొమ్మగా మాత్రమే తెలియుట న్యాయము కాదు. లక్ష్యలక్షణములు రెండును గూడినదే వ్యాకరణమని వైయాకరణుల సిద్ధాంతము. శిల్పమునకును అంతియే.

కూచిపూఁడి భాగవతుల యిండ్లలో బాలురకు అడవులు, జతులు, పద్యపఠనము, వాచికము ఒక్కచోటనే నేర్పెడివారు. ప్రతి బాలుఁడును జీవితమున నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని యైతిహ్యము. ష్వున్ ప్రత్యయమున షకార మిత్తగుటచే నర్తకశబ్దమునకు స్త్రీత్వమున ఙీష్ వచ్చి నర్తకీ యగును. వ్యాకరణమున నింత సులభముగా సిద్ధించిన స్త్రీత్వము కూచిపూఁడి రంగమునకు వచ్చుటకుఁ జాలఁ గాలము పట్టినది! వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్ప సాహసించెను. 1963లో వెంపటి చినసత్యం మదరాసున కూచిపూఁడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన పిమ్మట బాలిక లెందఱో యీ విద్య నభ్యసించిరి.

కొండపల్లి పద్ధతి వేఱు. సమీపారణ్యములలోఁ బెరుగు తెల్లపొణికి మిక్కిలి తేలికయైన మెత్తని కొయ్య. దానిని తడి పోవునట్లు ఆరఁబెట్టి, అవయవములను విడివిడిగాఁ జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో నతికి, ఆకురాతితో నునుపు చేసి, సున్నపుఁబూఁత పూసి, పిదప రంగులు వేయుదురు. దశావతారములతోపాటు అంబారీ యేనుఁగు, ఎడ్లబండి, తాడెక్కు గీఁతగాఁడు మొదలగునవి యందుఁ గానవచ్చును. బాలునకు పురాణమును పల్లెబ్రదుకును ఒకే చేతిమీఁదుగా నందుచున్నవి. మక్కు చిక్కన యెంత యుండవలెనో వాచకము చెప్పఁజాలదు. తండ్రి చేతి ప్రక్కనఁ గూర్చుండిన పిల్లవానికిఁ దెలియును.

శిల్పమును పాఠశాలలోనికిఁ దెచ్చు యత్నములు క్రొత్తవి కావు. 1937 నాటి వార్ధా విద్యాప్రణాళిక చేతిపనిని సర్వవిద్యలకును ద్వారముగా నెంచెను. 2020 జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతులలోఁ బది దినములు పుస్తకముల సంచి లేక స్థానికశిల్పుల కడ గడపవలెనని సూచించినది. పది దినములలో అడవు కుదురదు, ఉలి చేతికి రాదు. ఐనను పనివాని నెఱిఁగి గౌరవించుటకు నది చాలును. కాని యా దినములలో శిల్పి పాఠశాలకు వేడుక చూపవచ్చినవాఁడుగా నుండరాదు; ఉపాధ్యాయునితో సమముగా ఆసనమును వేతనమును పొందవలెను.

ఈ మర్యాదకు బందరే సాక్ష్యము. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారల పూనికతో 1910లో వెలసిన ఆంధ్రజాతీయకళాశాలలో చదువుతోపాటు చేతిపనులకును స్థానము కలిగెను. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని రావించి చిత్రకళకు ఆచార్యుని జేసిరి. ఆయన కడ కుంచె పట్టిన అడివి బాపిరాజు తరువాతి కాలమున నా కళాశాలకే ప్రధానాచార్యుఁడయ్యెను.