లెక్క అడిగిన అల్లుడు

1957 డిసెంబరు 16, సోమవారం. ఆ రోజు లోక్‌సభలో ప్రభుత్వాన్ని నిలదీసే పని ప్రతిపక్షం మీద పడలేదు. కాంగ్రెస్ బెంచీల్లోంచే ఒకాయన లేచారు. రాయ్‌బరేలీ సభ్యుడు, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు ఫిరోజ్ గాంధీ. ఆయన వేలు చూపించబోతున్నది ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి వైపు. మామగారికి బాగా కావలసిన మంత్రి, మాటకు మాట అప్పజెప్పడంలో ఆరితేరిన మనిషి.

మనసులో రేగిన తిరుగుబాటే తనను మాట్లాడిస్తోందని ఫిరోజ్ మొదలుపెట్టారు. ఇంత పెద్ద వ్యవహారం జరిగాక నోరు మూసుకుంటే అది నేరమే అవుతుందన్నారు. పార్లమెంటు తన చేతులతో పుట్టించిన అతిపెద్ద ఆర్థిక సంస్థ మీద పార్లమెంటే కన్నేసి ఉంచాలన్నారు. ఆ సంస్థ జీవిత బీమా సంస్థ, మనందరం పిలుచుకునే ఎల్.ఐ.సి. అప్పటికి దానికి ఏడాదీ మూడు నెలల వయసు.

అది పుట్టడంలోనూ ఫిరోజ్ చెయ్యుంది. 1952లో సభలో అడుగుపెట్టాక మూడేళ్లపాటు ఆయన గొంతు పెద్దగా వినిపించలేదు. 1955 డిసెంబరులో ఒక్కసారి లేచి, భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పాలసీదారుల సొమ్మును రామకృష్ణ దాల్మియా సొంతానికి ఎలా వాడుకున్నాడో లెక్కలతో సహా విప్పి చెప్పారు. దాల్మియా తర్వాత జైలుకెళ్లాడు. 1956 జనవరి 19న జీవిత బీమాను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. దేశీ, విదేశీ కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి 245 సంస్థలు ఒక్క గొడుగు కిందికి చేరాయి. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా అందులో ఒకటి. అంటే కృష్ణా జిల్లా బడిపంతులు కడుపు కట్టుకుని కట్టిన ప్రీమియం కూడా ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఎల్.ఐ.సి. గల్లాపెట్టెలోకే వెళ్లింది.

సరిగ్గా ఆ గల్లాపెట్టెలోంచే, 1957 జూన్ నెలాఖరులో, దాదాపు కోటి పాతిక లక్షల రూపాయలు కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రా చేతికి వెళ్లాయి. అప్పుల్లో పీకలదాకా కూరుకుపోయినవాడు ముంద్రా. రిచర్డ్‌సన్ క్రడ్డాస్, జెస్సప్, స్మిత్ స్టానిస్ట్రీట్, ఓస్లర్ ల్యాంప్స్, ఏంజెలో బ్రదర్స్, బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ అనే అతని ఆరు కంపెనీల షేర్లను ఎల్.ఐ.సి. కొన్నది. పెట్టుబడులు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి సంస్థకు ఒక కమిటీ ఉంది. దాన్ని అడగలేదు. కొనడం అయిపోయాక చెప్పారు.

సెప్టెంబరు నుంచీ సభలో ప్రశ్నలు పడుతూనే ఉన్నాయి. సూటిగా జవాబు మాత్రం రాలేదు. అందుకే డిసెంబరులో ఫిరోజ్ కాగితాలతో వచ్చారు. ఆయన ప్రసంగంలో ఉపన్యాసకుడి కంటే ఆడిటరే ఎక్కువ కనిపిస్తాడు. ఏ తేదీన ఏ షేరు ఏ ధర పలికింది, ఎల్.ఐ.సి. ఎంత పోసింది, బజారు ధర కంటే ఎక్కువ పోయాల్సిన అవసరం ఏమొచ్చింది? కొనుగోలుకు ముందు రోజుల్లోనే ఆ షేర్లకు రెక్కలెలా వచ్చాయి? ఆర్థికమంత్రికీ ఆయన కార్యదర్శికీ నడుమ నడిచిన రహస్య ఉత్తరాలు కూడా ఫిరోజ్ చేతికి చిక్కాయి. అవి ఎలా బయటికి పొక్కాయన్న కంగారే ప్రభుత్వ పక్షానికి పెద్ద తలనొప్పి అయింది. విచారణకు ఒప్పుకోక తప్పలేదు.

ప్రధాని అల్లుడు కాబట్టి అంత తెగించగలిగాడని అన్నవాళ్లు లేకపోలేదు. కావచ్చు. ధైర్యానికి బంధుత్వం కొంత ఊతం ఇచ్చిందేమో గానీ, షేర్ల ధరల పట్టీ ముందేసుకుని కూర్చునే ఓపిక మామగారింటి నుంచి వచ్చేది కాదు.

1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఒక్కరితోనే కమిషన్ వేశారు. విచారణ బహిరంగంగా జరిగింది. జనం పట్టక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టాల్సి వచ్చింది. మంత్రిగారికి తెలిసే జరిగిందని ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ చెబితే, నేను ఒప్పుకోనేలేదని మంత్రి అన్నారు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగం ప్రకారం మంత్రే జవాబుదారీ అని చాగ్లా తేల్చారు. నెల తిరిగేసరికి నివేదిక సిద్ధం. ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆర్థిక శాఖ నెహ్రూ మీద పడింది, నెలాఖరున బడ్జెట్‌ను ఆయనే సభ ముందుంచారు. ఈ దేశంలో ప్రధానమంత్రి బడ్జెట్ ప్రవేశపెట్టడం అదే మొదలు. ముంద్రా కటకటాల వెనక్కి వెళ్లాడు. కృష్ణమాచారి 1963లో మళ్లీ ఆర్థికమంత్రిగా తిరిగొచ్చారనుకోండి, రాజకీయాల్లో అదేం వింత కాదు.

ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే ముక్క ఒకటుంది. ఆ సోమవారం ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న విలేకరులు ముంద్రా పేరు, అంకెలు, ఆరోపణలు అన్నీ నిశ్చింతగా రాసుకోగలిగారు. సభలో ఎంపీ ఏం మాట్లాడినా 105వ అధికరణం కాపాడుతుంది. అదే మాట అచ్చువేసిన పత్రికకు ఆ రక్షణ లేకపోతే? పరువు నష్టం దావా వేస్తామని ఏ వ్యాపారి బెదిరించినా సంపాదకుడు వెనక్కి తగ్గాల్సిందే. లక్నోలో నేషనల్ హెరాల్డ్ పత్రికను నడిపిన ఫిరోజ్‌కు ఈ బాధ తెలుసు. అందుకే పార్లమెంటు చర్చలను ఉన్నదున్నట్టు, దురుద్దేశం లేకుండా ప్రచురించినవారి మీద కేసు నిలవకుండా ఆయనే ఒక బిల్లు పెట్టారు. 1956 మేలో అది చట్టమైంది. మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లు చట్టంగా మారడం ఎంత అరుదో చెప్పాలంటే, ఇప్పటిదాకా అలా గట్టెక్కినవి పద్నాలుగే. 1970 తర్వాత ఒక్కటీ లేదు. ఆ చట్టమే లేకపోతే ముంద్రా బాగోతం సభ గోడలు దాటడానికి ఎన్నాళ్లు పట్టేదో!

ఫిరోజ్ 1960 సెప్టెంబరు 8న గుండెపోటుతో పోయారు. నలభై ఎనిమిదో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు.

పదిహేనేళ్లు గడిచాయి. ఎమర్జెన్సీ. 1975 డిసెంబరులో ఆయన చట్టాన్ని ఆర్డినెన్స్‌తో రద్దు చేశారు. అప్పటి ప్రధాని ఆయన భార్య ఇందిరా గాంధీ. పార్లమెంటులో ఎవరేమన్నారో పత్రికలు రాయాలంటే మళ్లీ జంకాల్సి వచ్చింది. 1977లో జనతా ప్రభుత్వం ఆ చట్టాన్ని తిరిగి తెచ్చింది. మరుసటి ఏడాది 44వ సవరణతో దాని సారాన్ని 361ఎ అధికరణంగా రాజ్యాంగంలోనే చేర్చింది. ఇక దాన్ని తీసేయాలంటే ఆర్డినెన్స్ చాలదు.