దంతం దాచిన మదం

ముప్పై మూడు వేల ఏళ్లకు పైగా సైబీరియా మంచునేలలో పడి ఉన్న ఒక మగ మామత్ దంతాన్ని పరీక్షించి, బతికుండగా ఆ జంతువుకు మదం ఏటేటా ఎలా ఎక్కి దిగేదో చెప్పారు మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు. 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన సంగతి ఇది. చదివిన రోజు నాకు మరో పని మీద మనసు నిలవలేదు.

ఏనుగుకు మదం పట్టడం మనకు కొత్త కాదు. కణతల నుంచి మదజలం కారుతుందనీ, ఆ వాసనకు తుమ్మెదలు మూగుతాయనీ మన కావ్యాలు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. గజశాస్త్రాలు మదం దశలను విడివిడిగా వర్ణించాయి. ఇవాళ ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వాడే ‘మస్త్’ అన్న పేరు కూడా మత్తును చెప్పే పారశీక పదమే. కణత మీద కారే మదం సరే, దంతం లోపలికి ఎలా చేరింది?

దంతమంటే పన్నే. బతికినంత కాలం లోపలి నుంచి పొర మీద పొరగా పెరుగుతూ పోతుంది. ఒక పొర కట్టుకునే రోజుల్లో రక్తంలో ఏ హార్మోను తిరుగుతుంటే అది రవ్వంత ఆ పొరలో చిక్కుకుపోతుంది. పరిశోధకులు సీటీ స్కానుతో పొరలు గుర్తించి, సన్నటి బరమాతో వరసగా పొడి తీసి, అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటరుకు ఇచ్చారు. పోలికకు 1963లో బోట్స్వానాలో వేటగాడు చంపిన ఏనుగు దంతాన్ని తీసుకున్నారు. మదకాలంలో ఆ ఏనుగు మగ హార్మోను టెస్టోస్టెరాన్ 20 రెట్లు, మామత్‌ది 10 రెట్లు పెరిగింది. పక్కనే పెట్టి చూసిన ఆడ మామత్ దంతంలో అలాంటి ఎగుడుదిగుళ్లు లేవు.

హార్మోన్లను చదివే ఈ విద్య ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళితే నాకు కోడిపుంజు ఎదురైంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే కాబట్టి కాసేపు అక్కడే ఆగుతాను.

1848 ఆగస్టులో, జర్మనీలోని గాటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు చిన్న పుంజులను తీసుకున్నాడు. రెంటికి విత్తులు పూర్తిగా తీసేశాడు. మిగిలిన నాలుగింటికి విత్తులను వాటి చోటు నుంచి కోసి, తనదో పక్కదానిదో ఒకటి కడుపులో పెట్టి కుట్టేశాడు. మొదటి రెండూ చప్పబడిపోయాయి. కూత లేదు, పోరు లేదు, తల మీద జుట్టు పాలిపోయి కుంచించుకుపోయింది. తక్కిన నాలుగూ నిఖార్సయిన పుంజుల్లా పెరిగాయి. కూశాయి, కలియబడ్డాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే లోపల పెట్టిన విత్తు పేగుకు అతుక్కుని, కొత్త రక్తనాళాలు పట్టి, బతికి ఉంది. నరాల సంబంధం మాత్రం తెగిపోయే ఉంది. అంటే కబురు నరం మీద రాలేదు, రక్తంలో వచ్చింది. 1849లో నాలుగు పేజీల్లో ఇది రాసి బెర్తోల్డ్ ఊరుకున్నాడు. ‘హార్మోను’ అన్న మాట పుట్టడానికి ఇంకా 56 ఏళ్లు పట్టింది.

ఆ ప్రయోగంలో కొలబద్ద ఏదో చూడండి. కోడిజుట్టు! సంతలో పుంజును బేరమాడే మనిషి మొదట చూసేది జుట్టునే. ఎర్రగా, బిరుసుగా ఉంటే పుంజు మంచిదన్నమాట. ఆ పాత చూపే తర్వాత ప్రయోగశాలలో పద్ధతిగా మారింది. 1927లో షికాగోలో ఫ్రెడ్ కాక్, వైద్య విద్యార్థి లెమ్యూయెల్ మెగీ కలిసి కబేళాల నుంచి 18 కిలోల ఎద్దు వృషణాలు తెప్పించి 20 మిల్లీగ్రాముల సారం తీశారు. అందులో హార్మోను ఉందో లేదో ఏ యంత్రమూ చెప్పలేదు. విత్తులు తీసిన పుంజుకు సూది వేశారు. జుట్టు పెరిగి ఎర్రబడింది, ఉందని తేలింది. ఎంత పెరిగిందో కొలిస్తే ఎంత ఉందో తెలిసేది.

అక్కడి నుంచి టన్నుల కథ మొదలైంది. 1931లో అడాల్ఫ్ బ్యూటెనాంట్ పోలీసుల దగ్గర సేకరించిన 15,000 లీటర్ల మూత్రం నుంచి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరాన్ తీశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల అసలు పదార్థం పట్టుకుని టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీకి 4 టన్నుల పంది అండాశయాల నుంచి దక్కిన ఆడ హార్మోను ఎస్ట్రడయోల్ 12 మిల్లీగ్రాములు. అంత తక్కువ ఎందుకంటే ఇవన్నీ స్టెరాయిడ్లు, గ్రంథులు స్టెరాయిడ్లను గాదెల్లో దాచుకోవు. కొవ్వులో కరిగే ఈ అణువులు తయారైనవి తయారైనట్టే కణం గోడ దాటి రక్తంలోకి పోతాయి. అంతకు చాలా ముందే, 1889లో, బ్రౌన్-సెకార్ అనే శరీరశాస్త్రజ్ఞుడు 72వ ఏట కుక్కల, గినీపిగ్‌ల వృషణ రసం పొడిపించుకుని యవ్వనం తిరిగొచ్చిందని పారిస్ సభలో నమ్మకంగా ప్రకటించాడు. నీటిలో పిండిన ఆ రసంలో హార్మోను దాదాపు లేనే లేదు.

బ్యూటెనాంట్‌కు 1939లో నోబెల్ ప్రకటించారు. ఆ శ్రమకు అది తగినదే. కానీ అన్ని వేల లీటర్ల మూత్రాన్ని తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. వేల శరీరాలు ఒకే ద్రవంలో కలిసిపోయాయి. అణువు పేరు తెలిసింది, చిరునామా పోయింది. ఏ జీవిలో, ఏ అవయవంలో, ఏ రోజున ఉందన్నది గంగలో కలిసింది. బెర్తోల్డ్ ఒక్కో పుంజును విడిగా చూశాడు. ఆ చూపును మనం చాలాకాలం పోగొట్టుకున్నాం.

తర్వాతి పాతికేళ్లు ఒక్క అంగలో దాటేస్తాను. చిరునామా వెతకడం 1960లలో మళ్లీ మొదలైంది. ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఎస్ట్రడయోల్‌ను ఎలుకలకు ఇస్తే గర్భాశయం దాన్ని పట్టుకుని వదల్లేదు. 1968లో బ్రూస్ మెక్యూయెన్ అదే ఉపాయంతో ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్ ఎలుక మెదడులో హిప్పోకాంపస్‌లో పోగవుతోందని చూపించాడు. అది జ్ఞాపకాలకు ఆయువుపట్టు లాంటి చోటు. 1981లో ఫ్రాన్సులో ఎటియెన్ బోలియూ బృందం ఇంకో అడుగు వేసింది. ఎలుకకు అడ్రినల్ గ్రంథులూ విత్తులూ తీసేసినా మెదడులో ఒక స్టెరాయిడ్ అలాగే నిలిచింది. దాంతో మెదడు తన హార్మోను తానే వండుకుంటుందన్న ఊహ బలపడింది. 2008లో జీబ్రా ఫించ్ పిట్టలకు తోటిపిట్టల పాట వినిపిస్తే, వినికిడికి చెందిన మెదడు భాగంలో అరగంట వ్యవధిలోనే ఎస్ట్రడయోల్ పెరిగింది.

ఇప్పుడు కణజాలాన్ని నూరనే అక్కర్లేదు. పలుచటి ముక్క కోసి, లేజరుతో చుక్క చుక్కనూ తాకి, ఎక్కడ ఏ అణువుందో పటం గీస్తున్నారు. స్టెరాయిడ్లు సులువుగా విద్యుదావేశం పుంజుకోవు. అందుకని వాటికి ఆవేశం ఉన్న మరో రసాయనాన్ని తగిలించి, 2013లో ఎడిన్‌బరోలో ఎలుక మెదడు పటం తీశారు.

అదే ఏడాది టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు నీలితిమింగలం చెవి గులిమిని చదివారు. ఆ గులిమి బయటికి రాలదు. బతికినన్నాళ్లూ పొరలుగా పేరుకుని బిరడాలా గట్టిపడుతుంది. పొరలు లెక్కపెట్టి వయసు చెప్పవచ్చని పర్వెస్ అనే పరిశోధకుడు 1955లోనే చూపాడు. ఆ పొరల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లకు, 1870 నుంచి 2016 దాకా బతికిన 20 తిమింగలాల బిరడాలను వరసపెట్టి చూస్తే, తిమింగలాల వేట ముమ్మరించిన 1960లలో కార్టిసాల్ పైకి లేచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేట తగ్గింది, కార్టిసాల్ మాత్రం పెరిగింది. సముద్రంలో యుద్ధం రేపిన అలజడే కారణమై ఉండాలని పరిశోధకుల అంచనా.

ఆ బిరడాలు మ్యూజియంలలో మిగిలింది హార్మోన్ల కోసం కాదు, వయసు లెక్కల కోసం. ఎవరో నూరకుండా, కలపకుండా, ఏ జీవిదో చీటీ రాసి దాచారు. 15,000 లీటర్ల మూత్రంలో ఏ మనిషికి ఏ రోజు ఎలా గడిచిందో ఎవరూ చెప్పలేరు. వేల ఏళ్ల కింద చచ్చిన ఒక్క మామత్‌కు మదమెప్పుడు ఎక్కిందో, ఎప్పుడు దిగిందో ఆ ఒక్క దంతం వరస తప్పకుండా చెబుతోంది.