తీరానికి కలిగిన నష్టాన్ని కొలవడం ఎలా? కోలుకొనేలా చేయడం ఎలా? – ఎన్నూరు ఉప్పుటేరు నేర్పిన పాఠాలు

నది సముద్రంలో కలిసే చోట ఏర్పడే ఉప్పుటేరు జాలరి కుటుంబానికి పంటపొలం వంటిది. రొయ్య పిల్లలు పెరిగేది అక్కడే, పీతలు బొరియలు చేసుకొనేది అక్కడే, తుఫాను రోజుల్లో పడవలు తలదాచుకొనేది అక్కడే. పొలం చెడితే రైతుకు కంటికి కనిపిస్తుంది. ఉప్పుటేరు చెడినప్పుడు నష్టం నీటి అడుగున, బురదలో దాగి ఉంటుంది. అందువలన దానిని కొలవడానికి ఒక పద్ధతి, బాగుచేయడానికి ఒక క్రమం అవసరమవుతాయి.

చెన్నై నగరానికి ఉత్తరాన ఉన్న ఎన్నూరు ఉప్పుటేరు ఇందుకు తగిన ఉదాహరణ. చిత్తూరు సరిహద్దు ప్రాంతపు నీటిని కూడా తీసుకొని ప్రవహించే కొసస్థలై నది (తెలుగువారి కుశస్థలి) ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. పెదగంజాం నుండి మరక్కాణం వరకు సాగే బకింగ్‌హాం కాలువ పులికాట్ సరస్సు మీదుగా వచ్చి ఈ ఉప్పుటేరును దాటుతుంది. పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండింటికీ ఉమ్మడి సొత్తు. కనుక ఎన్నూరు నీటి సంగతి సరిహద్దుకు ఇరువైపులా ఉన్న వలలకు సంబంధించిన సంగతి.

రెండు చమురు ప్రమాదాలు

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ ఓడరేవు వెలుపల రెండు ఓడలు ఢీకొన్నవి. ఒక ఓడలోని ఇంధనపు చమురు సముద్రంలోకి కారి, చెన్నై తీరం వెంబడి దక్షిణానికి కొట్టుకొనిపోయినది. మొదటి ప్రకటనలు చెప్పుకోదగిన నష్టం లేదన్నవి. కాని కొద్ది రోజులలోనే ఒడ్డున పేరుకొన్న నల్లని మడ్డిని టన్నుల లెక్కన తీయవలసి వచ్చినది. ఆ మడ్డి చాలా చిక్కగా ఉండడం వలన యంత్రాలు అంతగా పనిచేయలేదు. జనం బకెట్లతో తోడవలసి వచ్చినది.

రెండవ ప్రమాదం 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వరదలతో కలిసి వచ్చినది. మణలి పారిశ్రామిక ప్రాంతంలోని చమురు వరదనీటితో బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుండి ఉప్పుటేరులోకి, సముద్రంలోకి చేరినది. చమురు తెట్టు దాదాపు 20 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించినట్లు తీర రక్షక దళం గుర్తించినది. పడవలు, వలలు, మడ చెట్లు నల్లబడ్డవి. తమిళనాడు ప్రభుత్వం 2,301 మత్స్యకార కుటుంబాలకు రూ. 12,500 చొప్పున, 787 పడవల మరమ్మతుకు రూ. 10,000 చొప్పున సహాయం ప్రకటించినది. చెడిన వలకు, పోయిన రోజుల వేటకు ఈ మొత్తం సరిపోవునా, అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అంతకుముందు ఆ నీటిలో ఎంత దొరికేదో తెలిసి ఉండాలి. నష్టపు అంచనాలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

పూర్వస్థితి తెలియనిదే నష్టం తెలియదు

నష్టం అంటే ముందున్న దానికి, ఇప్పుడున్న దానికి గల తేడా. ముందున్నదేమిటో నమోదు కాకపోతే తేడాను ఎవరూ నిరూపించలేరు. దీనికి పనామా దేశపు ఉదాహరణ ప్రసిద్ధమైనది. 1986లో అక్కడి కరీబియన్ తీరంలో ఒక శుద్ధి కర్మాగారపు నిల్వ తొట్టి పగిలి, చమురు మడ అడవులను, పగడపు దిబ్బలను ముంచెత్తినది. ఆ తీరాన ఉన్న స్మిత్సోనియన్ పరిశోధన కేంద్రం వద్ద ప్రమాదానికి ఎన్నో ఏళ్ల ముందు నుండే కొలతలు ఉన్నవి. అందువలన ఏది ఎంత చెడినదో ఖచ్చితంగా చెప్పగలిగారు. బురదలో చిక్కిన చమురు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉన్నదని కూడా ఆ అధ్యయనమే తేల్చినది.

ఎన్నూరులో జలప్రాంతపు హద్దులే వివాదమైనవి. 1996లో ఆమోదించిన తీరప్రాంత పటంలో ఉప్పుటేరుగా చూపిన భాగం తరువాతి పటంలో కనిపించలేదన్న ఆరోపణ 2017లో గట్టిగా వినవచ్చినది. పటంలో లేని నీటికి నష్టం లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు.

ఏమేమి కొలుస్తారు?

మొదటిది నీరు. నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఉప్పదనం, నూనె శాతం చూస్తారు. అయితే పోటు వచ్చి వెళ్లినప్పుడల్లా నీరు మారుతుంది. ఒక్కనాటి నమూనాతో తీర్పు చెప్పరాదు.

రెండవది బురద. చమురులోని బరువైన భాగాలు, సీసం వంటి లోహాలు, బూడిద రేణువులు అడుగున చేరి నిలిచిపోతాయి. పైన నీరు తేటగా ఉన్నా అడుగున విషం ఉండవచ్చు. అందుకే బురదను పొరలు పొరలుగా తీసి పరీక్షిస్తారు.

మూడవది ప్రాణులు. గుల్లలు, ఆల్చిప్పలు కదలక ఒకేచోట ఉండి నీటిని వడకట్టుకొంటాయి. కనుక వాటి మాంసంలో చేరిన కాలుష్యం ఆ చోటి చరిత్రను చెబుతుంది. పీత బొరియల సంఖ్య, బురద పురుగుల రకాలు, మడ మొక్కల చిగుళ్లు కూడా లెక్కలోకి వస్తాయి.

నాల్గవది చమురు జాడ. ఒక్కొక్క చమురులో రసాయనాల పాళ్లు ఒక్కొక్క తీరుగా ఉంటాయి. మనిషి వేలిముద్ర వలె వాటిని పోల్చి, తెట్టు ఏ తొట్టి నుండి వచ్చినదో ప్రయోగశాలలో నిర్ధారించవచ్చు. తెట్టు ఎటు కదులుతుందో గాలి, ప్రవాహాల ఆధారంగా ముందే అంచనా వేసే సేవ హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) వద్ద ఉన్నది.

ఐదవది జీవనోపాధి. వేటకు పోని రోజులు, తగ్గిన రాబడి, అమ్ముడుపోని చేప, చర్మవ్యాధులు ఈ లెక్కలోనివే.

శుభ్రం చేయడంలో జాగ్రత్త

అన్ని తీరాలనూ ఒకే విధంగా కడగరాదు. తీరాలను వాటి సున్నితత్వాన్ని బట్టి 1 నుండి 10 వరకు వర్గీకరించే పద్ధతి అమెరికాలో 1970వ దశకం చివరలో రూపొంది అనేక దేశాలకు వ్యాపించినది. అలలు బలంగా తాకే రాతి తీరం 1వ వర్గం. దానిని అలలే కడుగుతాయి. మడ అడవులు 10వ వర్గం.

మడ చెట్టు ఊపిరి వేళ్లను బురదపైకి పంపి గాలి పీల్చుకొంటుంది. ఆ వేళ్లకు చమురు పూసుకొంటే చెట్టు ఉక్కిరిబిక్కిరై నెలల తరువాత ఎండిపోవచ్చు. అట్లని పదిమంది దిగి తొక్కితే పైనున్న చమురు బురద లోతుకు పోతుంది. అందువలన మడ అడవిలో చమురు లోపలికి రాకముందే తేలే అడ్డుకట్టలు వేయడం, వచ్చిన దానిని పడవల మీద నుండే పీల్చే పట్టీలతో తీయడం మేలు. తీసిన మడ్డిని మరొక చోట గుంటలో పోసి వదిలితే కాలుష్యం చోటు మారినదే గాని పోయినట్లు కాదు. దానిని సురక్షితంగా నిల్వ చేసి, చమురును తినే సూక్ష్మజీవులతో శుద్ధి చేయాలి.

కోలుకొనేలా చేసే క్రమం

మొదట కాలుష్యపు మూలం ఆగాలి. ఎన్నూరులో చమురు కంటే పాత బాధ బూడిద. ఉష్ణ విద్యుత్ కేంద్రపు బూడిద నీటి గొట్టాలు ఏళ్ల తరబడి కారి, ఉప్పుటేరు మేట వేసినది. 2022 జూలైలో జాతీయ హరిత న్యాయస్థానం దక్షిణ పీఠం రాష్ట్ర విద్యుత్ సంస్థను బాధ్యురాలిని చేసి, పునరుద్ధరణకు ఆదేశించినది.

రెండవ మెట్టు నీటి రాకపోకలు. మొగ పూడిపోయి పోటునీరు లోపలికి రాకపోతే ఎన్ని మొక్కలు నాటినా బతకవు. 1990వ దశకంలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ తమిళనాడు మడ అడవులలో చేప ముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వించి, నిలువ ఉప్పునీటిని కదిలించిన తరువాతనే మొక్కలు నాటించారు. ఆ పద్ధతి గోదావరి, కృష్ణా డెల్టాలకూ వచ్చినది. యానాం పొరుగున ఉన్న కోరింగ మడ అడవులను చూసిన వారికి ఆ కాలువలు తెలిసినవే. ఒడిశాలోని చిలికా సరస్సులో కూడా 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరచిన తరువాతనే ఉప్పదనం సరిపడి, చేపల రాబడి పెరిగినది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో 1993లో చేరిన చిలికా, 2002లో దాని నుండి బయటపడినది.

మూడవ మెట్టు మొక్కలు నాటడం, నాల్గవది ఏళ్ల తరబడి కొలుస్తూ ఉండడం. ఎన్ని మొక్కలు నాటారన్నది ఫలితం కాదు. ఐదేళ్లకు ఎన్ని బతికినవి, పీత తిరిగి వచ్చినదా అన్నవే ఫలితం.

చట్టం, గడువు

2010 నాటి హరిత న్యాయస్థాన చట్టం ప్రకారం కాలుష్య బాధితులు పరిహారం కోరవచ్చు, చెడిన పరిసరాలను పూర్వస్థితికి తెమ్మని కూడా కోరవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుండి 5 సంవత్సరాలలోపు దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, యానాం వారికి చెన్నై పీఠం, ఒడిశా వారికి కోల్‌కతా పీఠం, మహారాష్ట్ర వారికి పుణె పీఠం వర్తిస్తాయి.

గ్రామం చేయదగిన పని

పరిహారం వచ్చేది కాగితం మీద ఉన్న నష్టానికే. కనుక ఒక నోటుపుస్తకంలో తేదీ, వేటకు పోయిన చోటు, వల రకం, దొరికిన చేప, రొయ్య, పీతల బరువు, అమ్మిన ధర ప్రతిరోజూ వ్రాసి ఉంచడం ప్రతి కుటుంబానికీ మేలు. ఇది ప్రమాదం రాకముందే మొదలు కావాలి. తెలుగులో వ్రాసినా, తమిళంలో వ్రాసినా, ఒడియాలో వ్రాసినా లెక్క లెక్కే. ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి మొగను, మడ చెట్లను ఫొటో తీసి తేదీ వేయాలి. చమురు లేదా రంగు నీరు కనిపించిన రోజున గాజు సీసాలో నమూనా పట్టి, చూసిన వారి సంతకాలతో కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఈ ఉప్పుటేరులో ఒకప్పుడు ఏ చేప ఏ నెలలో వచ్చేదో తెలిసిన పెద్దలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వారి మాటలు వ్రాసి పెట్టుకొంటే అవే రేపటికి పూర్వస్థితికి సాక్ష్యమవుతాయి.