ఇసుకతో పోసిన జజీరా

ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట కేలండర్ మీది అంకెగా మిగిలింది. మాల్దీవుల తారీఖ్ చదివినప్పుడల్లా నాకు ఈ రెండు అర్థాలూ ఒకటైపోయినట్టు అనిపిస్తుంది. ఆ ముల్క్ ఇంకా ఎన్నేళ్లు నీళ్లపైన ఉంటుందో లెక్కలు కడుతున్నారు మరి.

ఇబ్న్ బతూతా 1343లో కోజికోడ్ వైపు నుంచి అక్కడికి చేరాడు. వెళ్లింది ముసాఫిర్‌గా, అయ్యింది ఖాజీగా. జుమా నమాజుకు రానివాళ్లను కొట్టించాడుగానీ, ఆడవాళ్ల వేషం మాత్రం ఆయన హుకుంతో మారలేదు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఆ రోజుల్లో మాల్దీవుల గవ్వలు ఓడలకెక్కి బెంగాల్ పోయేవి, బదులుగా బియ్యం వచ్చేవి. మనం ఇప్పటికీ ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం చూడండి, గవ్వ సిక్కాగా చెల్లిన జమానా మాట అది.

1987 ఏప్రిల్‌లో పెద్ద అలలు రాజధాని మాలేను ముంచెత్తాయి. అదే ఏడాది అక్టోబరులో సదర్ మామూన్ అబ్దుల్ గయ్యూమ్ ఐక్యరాజ్యసమితిలో నిలబడి, సముద్రం పెరిగితే మా దేశమే ఉండదని చెప్పాడు. సుమారు 1,200 దీవులు, అందులో 80 శాతం నేల మీటరు ఎత్తు కూడా లేదు. 2009లో తర్వాతి సదర్ మొహమ్మద్ నషీద్ తన వజీర్లతో సముద్రం అడుగున కేబినెట్ పెట్టాడు. ఫోటోలు దునియా అంతా తిరిగాయి. నాకైతే గయ్యూమ్ తఖ్రీరే బరువైనదనిపిస్తుంది. అప్పటికి ఈ విషయం ఎవరికీ ఫ్యాషన్ కాదు.

మాలే పక్కనే 1997లో హుల్హుమాలే పని మొదలైంది. లగూన్ అడుగు నుంచి ఇసుక తోడి, దిబ్బ మీద పోసి, 2002 నాటికి 188 హెక్టార్ల జమీన్ తయారు చేశారు. 2004లో కుటుంబాలు దిగాయి. 2015లో మరో 240 హెక్టార్లు పోశారు. ఎత్తు సుమారు రెండు మీటర్లు. అక్కడ 25 అంతస్తుల టవర్లు 16 లేచాయి, వాటిలో 7,000 ఫ్లాట్లు.

దీన్ని నూహ్ కిష్తీలా చూపించే రాతలు చాలా వచ్చాయి. అస్లీ వజహ్ మాలే ఇరుకు. దేశంలో ప్రతి పదిమందిలో నలుగురు ఆ నగర ప్రాంతంలోనే ఉన్నారు. సముద్రం భయం ఆ లెక్కలో ఉంది, కానీ ఇళ్ల కొరత అంతకంటే ముందు ఉంది.

ఇసుక సంగతి చెప్పాలి. ఆ దీవులను కట్టింది పగడాలు. చిలకచేపలు పగడపు రాళ్లను కొరికి నమిలి ఇసుకగా వదులుతాయి, అలలు దాన్ని తీరానికి చేరుస్తాయి. డ్రెజ్జర్ లగూన్‌ను తోడితే లేచిన బురద పగడం మీద పడి ఊపిరాడనివ్వదు. అలల జోరు తగ్గించే గోడ ఆ పగడమే. కొత్త దీవి పోయడానికి పాత దీవుల కాపలాను చంపుకోవడం నాకు మింగుడుపడదు. అలాగని, వద్దనడానికి మాలేలో ఒక గదిలో ఏడుగురితో సర్దుకునేవాణ్ణి నేను కాను.

2004 డిసెంబరు సునామీలో కందొల్హుదూ అనే చిన్న దీవి పాడైపోయింది. మూడున్నర వేల మందికి పైగా ఉండేవాళ్లు. పలు దీవుల్లోని తాత్కాలిక గుడిసెల్లో నాలుగేళ్లకు పైగా గడిపాక, 2009లో రెడ్‌క్రాస్ సాయంతో కట్టిన ధువాఫరు దీవికి చేరారు. అంతకు ముందు అక్కడ ఆబాదీ లేదు. ఊరు ఊరంతా కలిసి చేసిన హిజ్రత్ అది. పెళ్లికి, జనాజాకు పాత పొరుగువాళ్లే వస్తారు. హుల్హుమాలేకు మాత్రం ఒక్కో దీవి నుంచి ఒక్కో కుటుంబం వస్తుంది. లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్లది ఏ జజీరాయో అడిగి తెలుసుకోవాల్సిందే.