గోదావరి డెల్టాలో ఎలక్ట్రిక్ మాండలిన్

కర్ణాటక సంగీత కచేరీలో ఎలక్ట్రిక్ మాండలిన్ చరిత్ర పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో మొదలవుతుంది. రావులపాలెం దగ్గర వశిష్ఠ గోదావరిని దాటి, సిద్ధాంతం, పెనుగొండ, మార్టేరు మీదుగా వెళితే వచ్చే ఊరది. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పేరు ముందు ‘మాండలిన్’ అన్నది ఇంటిపేరులా స్థిరపడిపోయింది. సినిమా పాటల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో మాత్రమే వినిపించే వాద్యాన్ని ఆయన వర్ణాలూ కృతులూ రాగం తానం పల్లవీ పలికించే వాద్యంగా మార్చారు. ఈ మార్పులో కరెంటు పాత్ర కొంతే. మిగతాదంతా సాధన.

మాండలిన్ ఇటలీలోని నేపుల్స్‌లో 18వ శతాబ్దంలో నేటి రూపానికి వచ్చింది. ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. శ్రుతి వయొలిన్‌కు చేసినట్టే చేస్తారు. కమాను లేదు కనుక మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. దాన్ని నిలబెట్టాలంటే పిక్‌తో తీగను ఆగకుండా కిందికీ పైకీ మీటుతూ ఉండాలి. పాత సినిమా పాటల్లో సన్నగా వణుకుతున్నట్టు వినిపించే మాండలిన్ నాదం ఇదే. ప్రేమ పాటకు అది అందమే కానీ తోడి రాగానికి పనికిరాదు. తోడిలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు. దాని ఊగిసలాటే దాని రూపం. ఒక్కసారి మీటి, ఆ నాదం బతికి ఉండగానే వేలితో గమకం పలికించాలి. పైగా జంట తీగలను పక్కకు లాగితే రెండూ ఒకే మోతాదులో సాగవు, శ్రుతి విడిపోతుంది.

ఈ చిక్కులకు సగం జవాబు అమెరికాలో ఎలక్ట్రిక్ గిటార్ రూపంలో 1930లలోనే సిద్ధమైంది. ఉక్కు తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కదిలితే చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. చిన్న మీటుకే స్వరం చాలాసేపు వినిపిస్తుంది. 1956లో ఫెండర్ కంపెనీ జంటలు తీసేసి నాలుగే ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. శ్రీనివాస్ ఎంచుకున్న వాద్యానికి ఒంటి తీగలు అయిదు. కచేరీకి కావలసిన మంద్ర స్వరాలు, తెగని నాదం, లాగడానికి లొంగే తీగ, మూడూ అందులో కుదిరాయి.

అయితే ఆంప్లిఫయర్‌కు మంచి స్వరమూ చెడ్డ స్వరమూ ఒకటే. పిక్ గీసుకున్న చప్పుడు, మెట్టుకు సరిగా ఆనని వేలి కింద తీగ చేసే జరజర, వదిలేసిన పక్క తీగ రొద, అన్నీ అదే గొంతుతో బయటికొస్తాయి. మామూలు మాండలిన్ మీద దాగిపోయే పొరపాటు ఇక్కడ హాలు చివరి వరుసకు కూడా వినిపిస్తుంది. మరో కష్టం కొలతలది. గిటార్ తీగ మోగే పొడవు సుమారు 64 సెంటీమీటర్లయితే మాండలిన్‌కు 35 మాత్రమే. తారస్థాయిలో మెట్లు ఇరుక్కుపోయి ఉంటాయి, వేలు కొంచెం పక్కకు పడితే స్వరం పోయినట్టే. అందుకే ఈ వాద్యం మీద వేగం, స్పష్టత అని రెండు వేర్వేరు సాధనలు ఉండవు. శుభ్రంగా పలకని వేగం వట్టి రొదే.

శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో మాండలిన్ చేతబట్టారు. తండ్రి సత్యనారాయణ దగ్గర తొలి పాఠాలు సాగాయి. ఏడో ఏట గిటార్ వాద్యకారుడు వాసూరావు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. ఆ తర్వాత చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కుని వాయించేవాడు. ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన వివరం బహుశా ఇదే. గురువు వేళ్లు చూసి అనుకరించే వీలు లేనందువల్ల శిష్యుడికి చెవి ఒక్కటే ఆధారమైంది. ఏ వేలు ఏ మెట్టు మీద పడాలన్నది గొంతులోని సంగతే తేల్చింది.

సంప్రదాయంలో వేగానికి పునాది పురందరదాసు ఏర్పరచినవని చెప్పే మాయామాళవగౌళ అభ్యాసాలు. సరళి వరుసను ఆది తాళంలో మూడు కాలాల్లో పలికించాలి. ఎనిమిది క్రియల ఆవర్తనంలో మొదటి కాలానికి 8 స్వరాలు, రెండో కాలానికి 16, మూడో కాలానికి 32. క్రియకు ఒక సెకను పడితే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు. తాళం మాత్రం కదలదు. గిటార్ విద్యార్థి వేరే దారిలో పోతాడు. 1815లో మెల్జెల్ పేటెంటు పొందిన మెట్రొనోమ్‌ను పెట్టుకుని, తప్పు లేకుండా వాయించగలిగాక నాలుగైదు అంకెలు పెంచుతాడు. అంకె 120కి చేరి, దెబ్బకు నాలుగు స్వరాలు పలికితే సెకనుకు ఎనిమిది. మెట్లెక్కినట్టు ఎక్కే ఆ పద్ధతిలో చెయ్యి పాత కదలికనే కొద్దికొద్దిగా తొందరపెడుతుంది. కాలం రెట్టింపైనప్పుడు అలా కుదరదు. మొదటి కాలంలో అన్నీ కింది మీటులే వేసినా సాగిపోతుంది కానీ, మూడో కాలంలో కింద, పైన వరుసగా మార్చక తప్పదు. చేతి ఊపు తగ్గాలి, పిక్ తీగను దాటి దూరం పోకూడదు. జంట వరుసలు ఒకే స్వరాన్ని రెండుసార్లు విడివిడిగా మీటే పాఠం. దాటు వరుసలు తీగలు దాటే పాఠం. గాత్రం కోసం పుట్టిన ఈ వరుసలు పిక్ పట్టిన కుడిచేతికి ఇంత చక్కగా అమరడం ఆశ్చర్యమే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో శ్రీనివాస్ తొలి కచేరీ జరిగింది. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద పన్నెండేళ్ల పిల్లవాడి చేతి వేగం నగరాన్ని ఊపేసింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికీ ఆహ్వానం వచ్చింది. బాలమేధావి ముద్రకు వేగమే ప్రచారమైంది కానీ, మెట్ల వాద్యం మీద చౌకకాలపు కృతిని గాత్రానికి దగ్గరగా నడపడమే ఆయన చేసిన అసలు కష్టమైన పని. 1998లో పద్మశ్రీ లభించింది.

అటు నుంచి గిటార్ కూడా ఈ సంగీతం వైపు నడిచింది. వేగానికి పేరుపడ్డ ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చి, 1970లలో తన శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిచిన గిటార్ చేయించుకున్నారు. వీణ మీదిలా తీగను లాగడానికే ఆ ఏర్పాటు. తమిళనాడులో 1970లో పుట్టిన ప్రసన్న గిటార్ మీదే పూర్తి కర్ణాటక కచేరీలు చేశారు. 1997లో రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ మొదలైన మెక్‌లాఫ్లిన్ బృందంలో శ్రీనివాస్ చేరారు. 2000లో ‘ది బిలీవర్’, 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బమ్‌లలో గిటార్, మాండలిన్ పక్కపక్కన ఒకదానికొకటి బదులు చెప్పుకోవడం వినవచ్చు.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు, 45 ఏళ్లకే. అన్నతో కలిసి ఎన్నో జోడు కచేరీలు చేసిన తమ్ముడు యు. రాజేశ్ ఆ బాణీని కొనసాగిస్తున్నారు. మెక్‌లాఫ్లిన్ 2008 ఆల్బమ్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లోనూ రాజేశ్ మాండలిన్ ఉంది.