నిట్రాడు నిలిపే చేయి, నక్షా గీసే చేయి

మన శిల్పశాస్త్ర గ్రంథాలు నిర్మాతలను నలుగురిగా పేర్కొన్నాయి: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. యోచన స్థపతిది, కొలత సూత్రగ్రాహిది. తక్షకుడు చెక్కితే వర్ధకి కూర్చుతాడు. అయితే శాస్త్రం ఎట్లా కట్టవలెనో విధిస్తుందే గాని, కట్టే వేళ ఆ నలుగురి నడుమ ఏ మాటలు నడుస్తాయో, ఎవరి మాట ఎవరు కాదంటారో చెప్పదు. అది తెలియాలంటే పక్కన కూర్చుండి చూడవలసిందే. ఆ చూపుకే ఎథ్నోగ్రఫీ అని పేరు.

పాశ్చాత్యులు ఈ చూపును వాస్తుశిల్పుల మీదికి మళ్ళించి ఎన్నో ఏళ్ళు కాలేదు. 1983లో డొనాల్డ్ షోన్, విద్యార్థిని గీసిన నక్షాను దిద్దుతూ గురువు పలికిన పలుకులను విశ్లేషించాడు. 1991లో డేనా కఫ్ అమెరికా వాస్తుశిల్పుల కార్యాలయాల తీరును గ్రంథస్థం చేసింది. అల్బెనా యనేవా రోటర్‌డామ్‌లోని రెమ్ కూల్హాస్ కార్యాలయంలో మసలి 2009లో పుస్తకం వెలువరించింది. నురుగు దిమ్మెలను కోసి చేసిన నమూనాలను పక్కన పెట్టి, మళ్ళీ చేతికెత్తుకొని, వాటితోనే ఆలోచించే తీరు అందులో కనిపిస్తుంది. ఆకృతి ఒక్క తలలో మెరిసేది కాదనీ, పలు చేతుల నడుమ పుట్టేదనీ వీరందరి సారాంశం.

ఇదే చూపు మన గోదావరి గట్టుకు అంతకు చాలా ముందే వచ్చింది. వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో హైదరాబాదు రాగా, యుద్ధం మూలాన నిజాం రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. భార్య బెట్టీతో కలిసి చెంచుల నడుమ, పిదప పాపికొండల కొండరెడ్ల నడుమ నివసించాడు. ఆంగ్లంలో బైసన్ హిల్స్ అన్నది ఈ కొండలనే. ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వెలువడింది.

ఆయన వాస్తువిద్యను వెదకి రాలేదు. పోడు, పెళ్ళి, వేలుపులు, వెదురు కాంట్రాక్టర్ల దోపిడి, అన్నింటితో పాటు ఇంటినీ చూశాడు. కాని ఆ చూపే మనకు ముఖ్యం. పోడు మారితే ఊరూ కదలవచ్చు. కనుక ఇల్లు కొయ్యతో, వెదురు దడితో, మట్టిపూతతో, గడ్డికప్పుతో లేస్తుంది. కట్టేవాడూ కాపురముండేవాడూ ఒక్కడే. నక్షా లేదు గనుక ఆకృతి లేదనుకోరాదు. నిట్రాడు ఎక్కడ పాతాలి, వాకిలి ఎటు ఉండాలి, అరుగు ఎంత ఎత్తు రావాలి అన్న తీర్మానాలు పనిలోనే, మాటలోనే జరుగుతాయి. ఇల్లు విడిగా చూస్తే గుడిసె; జీవనంతో కలిపి చూస్తే ఆలోచన.

ఆ రోజుల్లో కుడిగట్టు నిజాముది, ఎడమగట్టు భద్రాచలం మద్రాసు రాష్ట్రానిది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి; భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. గీతలు ఎటు జరిగినా నీట మునిగే ఇళ్ళు కోయలవీ, కొండరెడ్లవీ. వాటికి బదులు పునరావాస కాలనీలలో ఒకే నమూనా కాంక్రీటు ఇళ్ళు వరుసలు తీరాయి.

కాంక్రీటు చెడ్డదని నా వాదం కాదు. వానకు కారని కప్పు, నిప్పుకు అంటుకోని గోడ ఎవరికి చేదు? ప్రశ్న వేరు. ఇన్నాళ్ళూ మన ఎథ్నోగ్రఫీ గుడిసెవైపే చూసింది. నక్షా గీసిన గదివైపు చూడలేదు. ఆ గదిలో అంచనా వ్యయం ఎంత మాట్లాడింది? పశువుల కొట్టం, విప్పపువ్వు ఆరబోసే వాకిలి ఎవరికైనా గుర్తుకు వచ్చాయా? వచ్చి ఉంటే ఏ గీత దగ్గర చెరిగిపోయాయి? యనేవా రోటర్‌డామ్‌లో కూర్చున్నట్లు మన ఇంజినీరింగు కార్యాలయంలో ఒకరు కూర్చుంటే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

కొండరెడ్డి ఇంట్లో స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి నలుగురూ ఒక్కడే. కాలనీ ఇంట్లో ఆ నలుగురూ ఉన్నారు. అందులో కాపురముండేవాడు లేడు.