లిడియా ఏరి ఇచ్చిన ముక్కలు

1770 మొదట్లో బోస్టన్ నగరంలో మూడు వందల మందికి పైగా గృహిణులు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. బ్రిటిష్ పార్లమెంటు టీ మీద వేసిన పన్ను తీసేసేదాకా టీ ముట్టబోమని దాని సారాంశం. ఒంట్లో బాగాలేనప్పుడు తప్ప అని ఒక మినహాయింపు కూడా రాసుకున్నారు. ఆ మినహాయింపు చూస్తే అది ఉత్తుత్తి సంతకం కాదని, నిజంగా పాటించాలనుకునే ఇచ్చిన మాటని నాకనిపిస్తుంది. దాదాపు నాలుగేళ్ళ తర్వాత, 1773 డిసెంబరు 16 రాత్రి, మోహాక్ ఆదివాసుల్లా వేషాలేసుకున్న మగవాళ్ళు మూడు ఓడలెక్కి 342 టీ పెట్టెల్ని పగలగొట్టి సముద్రంలో పారబోశారు. ఈ రెండోదానికి 'బోస్టన్ టీ పార్టీ' అని పేరుంది. మొదటిదానికి పేరు లేదు.

అమెరికాలో కొన్ని తరాల పిల్లలు ఆ రెండో రాత్రిని పాఠ్యపుస్తకంలో కంటే ముందు ఒక నవలలో చదువుకున్నారు. 1943లో వచ్చిన ఆ నవల 'జానీ ట్రెమైన్'. రచయిత్రి ఎస్తర్ ఫోర్బ్స్. మరుసటి ఏడాది దానికి బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. 1957లో డిస్నీ వాళ్ళు సినిమా తీశారు. స్వాతంత్ర్య పోరాటాన్ని పిల్లలకు ఎలా చెప్పాలన్నదానికి చాలాకాలం ఇదే నమూనాగా నిలిచింది. అందుకే ఇందులో ఎవరికి ఏ పని అప్పజెప్పారో కాస్త నిదానంగా చూడాలి.

జానీకి పద్నాలుగేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. లాఫమ్ అనే ముసలి వెండిపనివాడి దగ్గర పని నేర్చుకుంటుంటాడు. చేతిలో గొప్ప పనితనం, దానికి తగ్గ పొగరూ ఉన్నాయి. తోటి కుర్రాడు కావాలనే పగిలిన మూస అందిస్తే, కరిగిన వెండి పడి కుడిచెయ్యి కాలిపోతుంది. బొటనవేలు అరచేతికి అతుక్కుపోతుంది. పనికిరాని చెయ్యి పట్టుకుని ఊరంతా పని వెతుక్కుంటూ తిరిగే ఆ పేజీలు ఇప్పటికీ నాకు చాలా ఇష్టం. అంతవరకూ అందరినీ చిన్నచూపు చూసినవాడు, ఇక తనే ఆ చూపు భరించాల్సి వస్తుంది. ఫోర్బ్స్ ఎంత మంచి రచయిత్రో అక్కడ తెలుస్తుంది.

లాఫమ్ ఇంటిని ఆమె ఎంత బాగా పట్టుకుందో! ఆ ఇల్లే దుకాణం, దుకాణమే ఇల్లు. మామగారి తర్వాత దుకాణం నిలవాలంటే పనితనమున్న కుర్రాడికి ఒక మనవరాలిని కట్టబెట్టాలి. శ్రీమతి లాఫమ్ లెక్క అంతే. జానీకి సిల్లా అనుకుంటారు. చెయ్యి కాలగానే ఆ సంబంధం రద్దు. ఇంకో పనివాడు వస్తాడు, ఇంకో లెక్క మొదలవుతుంది. ఆడపిల్లల పెళ్ళి కుటుంబ ఆస్తికి కాపలా అని మనం వ్యాసాలు రాసి చెప్పేదాన్ని ఆమె వంటింటి సంభాషణల్లో చూపించేసింది.

అయితే కాలిన చెయ్యి జానీని ఆ ఇంట్లోంచి వీధిలోకి తోస్తుంది. అతను పత్రికలు మోసే రౌతవుతాడు. శామ్ ఆడమ్స్, పాల్ రివీర్, డాక్టర్ వారెన్ రహస్యంగా కలిసే అటక ఎక్కుతాడు. సిల్లా మాత్రం ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి, లైట్ అనే ధనికుడి ఇంటికి పనిపిల్లగా వెళ్తుంది. అంతకుముందు, దొంగతనం నేరం మీద జానీ న్యాయస్థానంలో నిలబడ్డప్పుడు, తల్లి ఒప్పుకోకపోయినా వచ్చి సాక్ష్యం చెప్పింది ఆ అమ్మాయే. ఆమె నోరు విప్పకపోతే ఇక కథే లేదు. ఇక లిడియా ఉంది. బ్రిటిష్ అధికారులు దిగిన సత్రంలో బట్టలుతికే నల్లజాతి స్త్రీ. ఒక అధికారి చింపి పారేసిన ఉత్తరం ముక్కల్ని ఏరి జానీకి ఇస్తుంది. అంటే ఈ విప్లవానికి చెవులూ కళ్ళూ ఆడవాళ్ళే. నోరు మాత్రం అటక మీద ఉంది.

మా అక్క కూతురు మసాచుసెట్స్‌లో ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఈ నవల వాళ్ళకు పాఠంగా వచ్చింది. ఫోన్‌లో ఒకటే ప్రశ్న: "పిన్నీ, లిడియా ఆ ముక్కలు ఎందుకిచ్చినట్టు? ఆవిడకేం ఒరుగుతుందని?" నవలలో ఉన్న పాత్రల్లో నువ్వెవరివో రాయమన్నారట. క్లాసులో మగపిల్లలు చాలామంది జానీ అనో, అతని స్నేహితుడు రాబ్ అనో రాశారట. తను లిడియా అని రాయబోయి, రాయడానికి నవలలో ఏమీ దొరక్క ఆగిపోయింది. నిజమే, స్వేచ్ఛ అనే మాట అన్నిసార్లు వినిపించే పుస్తకంలో లిడియాకేం కావాలో ఎవరూ అడగరు.

అడిగి ఉంటే జవాబు దగ్గర్లోనే ఉంది. టీ పారబోసిన మూడు ఓడల్లో ఒకటి 'డార్ట్‌మౌత్'. అదే ఓడలో టీతోపాటు ఒక కవితా సంపుటి ప్రతులు కూడా లండన్ నుంచి వచ్చాయి. కవయిత్రి ఫిలిస్ వీట్లీ. ఏడెనిమిదేళ్ళ వయసులో ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చి బోస్టన్‌లో అమ్మిన పిల్ల. ఆ 1773లోనే ఆమెకు బానిసత్వం నుంచి విముక్తి దొరికింది. పుస్తకాలు ముందే ఒడ్డుకు చేరబట్టి బతికిపోయాయి! మరుసటి ఏడాది ఆమె రాసిన ఒక ఉత్తరం పత్రికల్లో అచ్చయింది. స్వేచ్ఛ కోసం అరుస్తూ, ఇంకొకరిని బానిసగా ఉంచుకునే వాళ్ళ మాటకూ చేతకూ ఉన్న పొంతనలేనితనాన్ని అందులో ఆమె చాలా మర్యాదగా ఎత్తిపొడిచింది. జానీ పత్రికలు మోసుకు తిరిగిన ఊళ్ళోనే ఆమె ఉంది.

ఇదంతా ఫోర్బ్స్‌ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆమె చరిత్ర తెలియని మనిషి కాదు. పాల్ రివీర్ జీవిత చరిత్రకు 1943లో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఆ పరిశోధనలో తోడున్నది తల్లి హ్యారియట్ మెరిఫీల్డ్ ఫోర్బ్స్. న్యూ ఇంగ్లండ్ పాత సమాధి రాళ్ళ మీద 1927లో పుస్తకం రాసినావిడ. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కాగితాల మధ్య కూర్చుని తవ్వి తీసిన ప్రపంచం ఇది. కానీ పిల్లల నవల వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం నడిమధ్య. దేశానికి అప్పుడు కావలసింది తుపాకీ పట్టే కుర్రవాడు. చివర్లో డాక్టర్ వారెన్, జానీ చెయ్యి కోసి బాగుచేస్తానంటాడు. తుపాకీ పట్టుకోడానికి పనికొస్తుందని మాటిస్తాడు. వెండిపని తర్వాత చూసుకోవచ్చు! ఇన్నేళ్ళుగా ఆ వాక్యాల దగ్గర నాకు మనసు చివుక్కుమంటూనే ఉంది.

వియత్నాం యుద్ధపు రోజుల్లో, 1974లో కొలియర్ సోదరులు రాసిన 'మై బ్రదర్ శామ్ ఈజ్ డెడ్' ఆ తుపాకీ మీద నమ్మకాన్ని తీసిపారేసింది. అందులో శామ్‌ని, చెయ్యని దొంగతనానికి, తన పక్షం సైన్యమే కాల్చి చంపుతుంది. అక్కడ కూడా కథ చెప్పేది తమ్ముడే.

ఆడపిల్ల నోటితో ఈ కథ వినడానికి నాకు 2008 దాకా ఆగాల్సి వచ్చింది. లారీ హాల్స్ ఆండర్సన్ 'చెయిన్స్'లో ఇసబెల్ 1776 నాటి న్యూయార్క్‌లో బానిస. ఆమె కూడా బల్ల దగ్గర వడ్డిస్తూ కుట్రలు వింటుంది, విన్నవి చేరవేస్తుంది. లిడియా చేసిన పనే. కానీ ఇక్కడ ఆమె దానికి వెల కట్టింది. తనకీ చెల్లెలికీ స్వేచ్ఛ కావాలంది. స్వాతంత్ర్యవాదులు వార్తలు తీసుకుని మొహం చాటేస్తారు. బ్రిటిష్ వాళ్ళ దగ్గరికి వెళితే, మేం విడిపించేది తిరుగుబాటుదారుల బానిసలనే, నీ యజమాని మా వాడు కదా అంటారు. చెంప మీద కాల్చి ముద్ర వేస్తారు. ఆఖరికి దొంగ అనుమతిపత్రం తనే రాసుకుని పడవెక్కుతుంది.

ఈ నవల చదువుతున్నప్పుడు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పదేపదే గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండిపెట్టి, ఉత్తరాలు చేరవేసి, 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మనిపించుకున్న ఆడవాళ్ళను ఆ పుస్తకం అడిగింది: మీకేం కావాలనుకున్నారు అని. పెద్దలకు ఆ పుస్తకం ఉంది. మన పిల్లలకు, పన్నెండేళ్ళ అమ్మాయి చేతిలో పెట్టి చదవమనడానికి, అలాంటి నవల కోసం నేనింకా వెతుకుతున్నాను.